ఆ రెట్టింపు ఎక్కణ్నుంచి వచ్చింది?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక పల్లెటూరు. మా ఆయన తాపీ పని మీద చెన్నైలో ఉంటారు. ఇంటి దగ్గర నేను, అత్తయ్య, కొబ్బరి తోట చూసుకునే మామయ్య, ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి. ఏడు వరకు లెక్కలంటే దానికి భయం లేదు. వర్గాలు, వర్గమూలాలు మొదలైనప్పటి నుంచి పుస్తకం తీస్తే చాలు టెన్షన్ పడుతోంది. ట్యూషన్‌లో 1 నుంచి 30 వరకు వర్గాలు బట్టీ పట్టమన్నారు, పట్టింది. కానీ భాగహార పద్ధతిలో వర్గమూలం కట్టేటప్పుడు పైన వచ్చిన అంకెను రెట్టింపు చేసి పక్కన రాస్తారు కదా, అదెందుకని అడిగిందట. "అదంతే, చెప్పినట్టు చెయ్" అన్నారట. ఇక అప్పటి నుంచి దీనికి పంతం. ఎందుకో తెలీకుండా నేను చెయ్యనంటుంది. మొన్న పరీక్షలో ఆ లెక్కలు వదిలేసి వచ్చింది. నేను పదో తరగతి వరకే చదివాను, అదీ ఎప్పటి మాటో. ట్యూషన్ మార్పించమంటారా? ఇంట్లో నేను చెప్పగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం:

అమ్మా, మీ అమ్మాయి అడిగిన ప్రశ్నే ఆ పాఠానికి ఆయువుపట్టు. ముప్పై ఏళ్లు విజయనగరం చుట్టుపక్కల హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. ఆ ప్రశ్న నోరు తెరిచి అడిగిన పిల్లలు ఐదారుగురికి మించరు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, వెనక బెంచీ కుర్రాడొకడు లేచి "అక్కడ రెట్టింపెందుకు సెయ్యాల మాస్టారూ?" అన్నాడు. "అదంతే, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. మళ్లీ ఎప్పుడూ ఏమీ అడగలేదు. కాబట్టి మీ ట్యూషన్ మాస్టారిని తిట్టే అర్హత నాకు లేదు. ఆయన దగ్గర సాయంత్రం ఎంతమంది పిల్లలుంటారో, సిలబస్ ఎంత మిగిలి ఉంటుందో నేను ఊహించగలను.

నాకు ఆ జవాబు మనసుకెక్కింది పుస్తకంలో కాదు, మా ఇంటి వసారాలో. ఇల్లు కట్టుకున్నప్పుడు వీధి వసారా 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. అడుగు పలకలు సరిగ్గా 100 పట్టాయి. కొన్నేళ్లకి దాన్ని 12 అడుగులు చేద్దామనిపించింది. రెండు వైపులా గోడలున్నాయి, మిగిలిన రెండు వైపులా రెండేసి అడుగులు జరపాలి. లెక్కల మాస్టార్ని కదా, నోటి లెక్క వేశాను. ఒక వైపు 10 అడుగుల పొడవున రెండు వరసలు, 20 పలకలు. రెండో వైపు ఇంకో 20. వెరసి 40. దర్జాగా 40 పలకలు రిక్షాలో వేయించుకొచ్చాను. మేస్త్రి సాయంత్రం దాకా పరిచి, చేతులు కడుక్కుంటూ, "మూల మర్సిపోనారు మాస్టారూ, ఇంకో నాలుగు పలకలు కావాల" అన్నాడు. సంక్రాంతి ముందు రోజులు. దుకాణంలో ఆ రంగు పలకలు అయిపోయాయి. పండగంతా ఆ మూల రెండడుగుల మేర బోసిగానే ఉండిపోయింది. వచ్చిన చుట్టాలందరికీ మా ఆవిడ ఆ మూల చూపించి, "మా ఆయన లెక్కల మాస్టారు" అని పరిచయం చేసింది.

100, దానికి రెండు ఇరవైలు, మూలన నాలుగు. మొత్తం 144. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు. ఆ రెండు ఇరవైలున్నాయి చూశారూ, మీ అమ్మాయి అడుగుతున్న రెట్టింపు అదే.

ఇప్పుడు ఒక గళ్ల కాగితం, పెన్సిలు తీసుకుని ఇద్దరూ కూర్చోండి. మీ వైపు భూమి లెక్క ఎకరాల్లో, సెంట్లలో కదా. ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. 10 సెంట్లంటే 484 చదరపు గజాలు. ఆ 10 సెంట్ల స్థలం నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క ఎన్ని గజాలుంటుంది? 484కి వర్గమూలం కట్టమంటే అడిగేది ఇదే. చదరంలో మొత్తం గళ్లు ఎన్నో నేను చెప్తాను, పక్క ఎంతో నువ్వు చెప్పు. ఇంతే ఆట.

20 గజాల చదరం ఇందులో పడుతుందా? ఇరవై ఇరవైలు 400, పడుతుంది. 30 గజాలది? అది 900, పట్టదు. అంటే పక్క 20 దాటింది, 30 లోపే ఉంది. ముందు 20 గజాల చదరం గీసేయండి. 400 ఖర్చయింది, చేతిలో 84 మిగిలింది. ఈ 84నీ ఆ చదరానికి రెండు వైపులా అతికించాలి, మా వసారా పెంచినట్టు. ఒక్క వైపే అతికిస్తే అది చదరంగా ఉండదు, బల్లలా సాగిపోతుంది. అందుకే రెండు వైపులా. పట్టీ వెడల్పు ఎంతో ఇంకా తెలీదు, కానీ పొడవు మాత్రం తెలుసు. 20 పొడవున్నవి రెండు, కలిపితే 40. రెట్టింపు ఇక్కడ పుట్టింది.

వెడల్పు 2 వేసి చూడండి. 40ని 2తో గుణిస్తే 80. మూలన రెండు రెళ్లు నాలుగు. 84 సరిపోయింది, పైసా మిగల్లేదు. పక్క 22 గజాలు.

ఇక అదే లెక్కని ట్యూషన్‌లో చేసినట్టు పక్కన వేయించండి. 484ని 4, 84 అని జతలుగా విడగొడతారు. రెండు రెళ్లు నాలుగు, పైన 2 రాస్తారు, శేషం సున్నా. 84 దించుతారు. పైనున్న 2ని రెట్టింపు చేసి ఎడమ పక్కన 4 వేస్తారు. ఆ 4 పక్కన ఒక అంకె పెట్టి, అదే అంకెతో గుణిస్తే 84 రావాలి. 42 రెళ్లు 84. ఆ 42లో 4 అంటే నాలుగు కాదు, నలభై. రెండు పట్టీల పొడవు. దాని పక్కన చేరిన 2 మూల చదరానిది. అదే 2ని పైనా రాస్తాం, పక్కనా రాస్తాం, ఎందుకని ఇంకో ప్రశ్న పుడుతుంది. పట్టీకి వెడల్పు అదే, మూల చదరానికి పక్క అదే. మూల పట్టీల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి దానికి వేరే కొలత ఉండదు.

ఈ లెక్క అయ్యాక 529 ఇచ్చి చూడండి. 400 పోతే 129. పట్టీలు మళ్లీ 40 పొడవే. వెడల్పు 3 వేస్తే 120, మూల 9. తర్వాత 1764. అక్కడ మొదటి చదరం 40 గజాలది, 1600 పోతే 164 మిగులుతుంది, పట్టీల పొడవు 80. మిగిలింది తనే చేస్తుంది. మూడంకెల మూలం వచ్చే 15129 లాంటివి ఇస్తే కంగారు పడక్కర్లేదు, అదే పని రెండుసార్లు. మొదట 100 చదరం, దాన్ని 120కి పెంచడం, ఆ 120 చదరాన్ని మళ్లీ పెంచడం. రెండోసారి పట్టీల పొడవు 240 అవుతుంది. అందుకే పైన ఉన్న 12 మొత్తాన్నీ రెట్టింపు చేసి 24 రాస్తాం. చివరి అంకెని మాత్రమే రెట్టింపు చేసి ఊరుకునే పిల్లలు ఇక్కడే దొరికిపోతారు. నా చేతి కింద దొరికిపోయిన వాళ్లు కోకొల్లలు.

జతలు కుడి నుంచి ఎందుకు విడగొట్టాలో కూడా అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. పక్కను పది రెట్లు పెంచితే చదరం వంద రెట్లవుతుంది. 2 వర్గం 4, 20 వర్గం 400, 200 వర్గం 40,000. మూలంలో ఒక సున్నా చేరితే వర్గంలో రెండు చేరతాయి. మూలంలో ఒక్కో స్థానానికి వర్గంలో రెండేసి స్థానాలు కేటాయించినట్టు. ఎడమ చివర ఒంటరిగా అంకె మిగిలితే మిగలనివ్వండి, దాన్నీ ఒక జతగానే చూస్తాం.

ఈ పద్ధతి ఇంగ్లీషు చదువుతో వచ్చింది కాదు. 499లో ఆర్యభటుడు దీన్ని ఒక్క శ్లోకంలో చెప్పేశాడు. కుడి నుంచి ఒక స్థానం వర్గం, దాని పక్కది అవర్గం, మళ్లీ వర్గం, అలా పేర్లు పెట్టుకుని, అవర్గ స్థానాన్ని ఎప్పుడూ వర్గమూలానికి రెట్టింపుతో భాగించమన్నాడు. ఎందుకో చెప్పలేదు, శ్లోకంలో అంత చోటు లేదు. కానీ దానికి ముందు శ్లోకంలోనే వర్గమంటే నాలుగు పక్కలూ సమానమైన చదరం అనీ, దాని వైశాల్యం అనీ, ఒకే సంఖ్యను రెండుసార్లు వేసి గుణిస్తే వచ్చేదనీ చెప్పి పెట్టాడు. బొమ్మ ముందు పెట్టాడాయన. మేం క్లాసులో బొమ్మ వదిలేసి గుణకారంతో మొదలుపెడతాం. అసలు వర్గం అనగానే మన ఊళ్లల్లో పిల్లలకి తట్టేది సర్పంచి వర్గం, మాజీ సర్పంచి వర్గం. చదరం ఎక్కణ్నుంచి తడుతుంది?

10 సెంట్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మీ చిన్నాడికి క్రికెట్ పిచ్చి ఉంటే వాడికి చెప్పండి. పిచ్ పొడవు సరిగ్గా 22 గజాలు. వెనకటి రోజుల్లో భూమి కొలిచే సర్వే గొలుసు పొడవూ అదే. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల 10 సెంట్లు. పది గొలుసులు ఒక ఫర్లాంగు, 220 గజాలు. ఫర్లాంగు చదరం 48,400 చదరపు గజాలు, అంటే కచ్చితంగా 10 ఎకరాలు. ఎకరం 4,840 గజాలేమిటి, సెంటు 48.4 ఏమిటి, ఈ అడ్డదిడ్డపు అంకెలేమిటని చిన్నప్పుడు నేనూ విసుక్కున్నాను. అవన్నీ ఈ 22 వర్గం పిల్లలే.

ఇక మీరు చెప్పగలిగింది ఏమైనా ఉందా అన్నారు. ధనుర్మాసం నెల్లాళ్లూ వాకిట్లో ముగ్గు వేస్తారు కదమ్మా. 7 చుక్కలు, 7 వరసలు అంటే 49 చుక్కలు, అదే 7 వర్గం. దాన్ని మామూలుగా వరస వెంట వరస కాకుండా ఒక మూల నుంచి పెంచుతూ పెట్టి చూపించండి. మొదట ఒక చుక్క. దానికి కుడి పక్కన ఒకటి, కింద ఒకటి, మూలన ఒకటి, కొత్తవి మూడు. మొత్తం 4. మళ్లీ కుడి పక్కన రెండు, కింద రెండు, మూలన ఒకటి, కొత్తవి ఐదు. మొత్తం 9. తర్వాత ఏడు, 16. ఆ తర్వాత తొమ్మిది, 25. 1, 3, 5, 7, 9 అని బేసి సంఖ్యలు వరసగా కూడుతూ పోతే వర్గాలు వస్తాయని పుస్తకంలో ఒక సూత్రం ఉంటుంది. పిల్లలు దాన్ని కళ్లు మూసుకుని అప్పజెబుతారు. పిండితో పెట్టినప్పుడు ఎందుకు బేసి వస్తుందో కళ్లకే కనబడుతుంది. రెండు వైపులా సమానంగా పెరుగుతుంది, అది సరి సంఖ్య. మూల ఒకటి మిగులుతుంది, అందుకని బేసి. నేను మర్చిపోయిన మూలే ఇది కూడా.

30 వరకు వర్గాలు బట్టీ పట్టిందన్నారు కదా, 31 వర్గం అడిగి చూడండి. తడబడితే ఈ ముగ్గు గుర్తు చేయండి. 30 వర్గం 900. దానికి ఒక వైపు 30, రెండో వైపు 30, మూల 1. 961. బట్టీ 30 దగ్గర ఆగిపోతుంది, చుక్కలు ఎంత దూరమైనా వెళ్తాయి. వెనక్కి కూడా వెళ్లొచ్చు. 49లోంచి 1 తీయండి, తర్వాత 3, తర్వాత 5, అలా తీస్తూ పోతే ఏడోసారికి సున్నా వస్తుంది. ఎన్నిసార్లు తీశామో అదే వర్గమూలం. పెద్ద సంఖ్యలకి ఇది పనికిరాదు, 1764కి చేస్తే 42సార్లు తీసివేయాలి, పిల్ల మన మీద కేకలేస్తుంది.

బట్టీకి నేను వ్యతిరేకిని అనుకోకండి. 20 వరకు వర్గాలు నాలుక చివర ఉండాల్సిందే, ఎక్కాలు ఉన్నట్టు. ప్రతిసారీ చదరం గీసుకుంటూ కూర్చుంటే పరీక్ష టైము చాలదు. 20 నుంచి 30 వరకు వస్తే సంతోషం, రాకపోతే ప్రాణం మీదకేమీ రాదు. చివర 5 ఉన్న వాటికి బట్టీ అక్కర్లేదు. 35 వర్గం కావాలంటే, 3ని దాని తర్వాతి అంకె 4తో గుణించి 12, పక్కన 25 తగిలించండి, 1225. ఇదేదో గారడీలా చెప్తుంటారు గానీ గారడీ కాదు. 35 చదరంలో ఒక పక్కన 5 వెడల్పు పట్టీ కోసి, అందులో 30 పొడవు ముక్కని తీసి రెండో వైపు అతికిస్తే 30కి 40 కొలతల బల్ల అవుతుంది, 1200. మూలన ఐదైదుల ముక్క ఒకటి మిగిలిపోతుంది, 25. కత్తెరా కాగితం ఇస్తే తనే చేస్తుంది.

తప్పులు ఎక్కడ చేస్తారో కూడా చెప్తాను. అన్నిటికంటే ఎక్కువగా చూసింది 5 వర్గం 10 అని రాయడం. పైన చిన్నగా 2 కనబడగానే రెండుతో గుణించేస్తారు. అలాగే 16కి వర్గమూలం 8 అంటారు, సగం చేసేసి. ఎన్ని దండించినా ఇది పోదు. 8 పక్కగా చదరం గీసి 16 గళ్లు లెక్కపెట్టమంటే రెండో వరస దాటకముందే పోతుంది.

ఇంకో తప్పు 9, 16 కలిపి వర్గమూలం అడిగితే 3, 4 విడివిడిగా తీసి 7 అనేయడం. దీనికి వాళ్ల నాన్నగారికి ఫోన్ చేయించండి. గోడ మూల తిన్నగా ఉందో లేదో మూలమట్టం లేకుండా ఎలా చూస్తావు నాన్నా అని అడగమనండి. ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య ఏటవాలుగా కొలిస్తే 5 అడుగులు రావాలని ఆయనకి తెలిసే ఉంటుంది. పెద్ద గదులకి 6, 8, 10 వేస్తారు. 9, 16 కలిపితే 25, దాని మూలం 5. అది 5 కాకుండా 7 వచ్చిందంటే 3, 4 అడుగులు ఒకే గీత మీద పడ్డట్టే, అక్కడ మూలే లేదు, గోడ ఒక్కటే. ఈ మాట నాన్న నోట వింటే మళ్లీ ఆ తప్పు చేయదు. నేను చెప్తే గ్యారంటీ ఇవ్వలేను.

చివరి అంకె చూసి వర్గం అవునో కాదో చెప్పే చిట్కా ట్యూషన్‌లో చెప్పే ఉంటారు. ఒకట్ల స్థానంలో 2, 3, 7, 8 ఉంటే అది వర్గ సంఖ్య కానే కాదు. 1, 4, 5, 6, 9, 0 ఉంటే కావచ్చు, కాకపోవచ్చు. చివరి సున్నాలు బేసి సంఖ్యలో ఉంటే కాదు, అందుకే 100 వర్గం, 1000 కాదు. కారణాంకాల పద్ధతీ అంతే సులువు. 1764ని ప్రధాన కారణాంకాలుగా విడగొడితే రెండు 2లు, రెండు 3లు, రెండు 7లు. జోడీకొకటి చొప్పున తీసుకుంటే 2, 3, 7, గుణిస్తే 42. జోడీ లేని అంకె మిగిలితే అది వర్గం కాదు. వీటిలో మీ అమ్మాయికి ఇబ్బంది ఉండదనుకుంటాను, ఏడో తరగతి వరకు భయం లేదన్నారు కాబట్టి.

'ఎంత తీసేస్తే పరిపూర్ణ వర్గం అవుతుంది, ఎంత కలిపితే అవుతుంది' అనే లెక్కలు మాత్రం పిల్లల్ని తికమక పెడతాయి. వాటికి మీ మామగారి తోట ఉంది. 2018 తిత్లీ తుపానులో మీ ఉద్దానం కొబ్బరి ఎలా నేలమట్టమైందో నేను కళ్లారా చూశాను. ఆ తర్వాత మొక్కలు నాటిన ఇళ్లలో మీదీ ఒకటై ఉంటుంది. తాతయ్య దగ్గర 150 మొక్కలున్నాయి, ఎన్ని వరసలో వరసకి అన్నే మొక్కలు రావాలి అనుకోమనండి. పన్నెండు వరసలు వేస్తే 144 పడతాయి, 6 మొక్కలు గట్టు మీద మిగిలిపోతాయి. పదమూడో వరస కూడా కావాలంటే 169 ఉండాలి, ఇంకో 19 కొనుక్కురావాలి. తీసేయాల్సింది 6, కలపాల్సింది 19. భాగహార పద్ధతిలో 150కి చేస్తే కింద శేషం 6 కనబడుతుంది, ఆ శేషం గట్టు మీద మొక్కలే.

తోటలోనే ఇంకో లెక్క. ఎకరం నలుచదరంగా ఉంటే పక్క ఎంత? 4,840 చదరపు గజాలు. డెబ్బై డెబ్బైలు 4,900, కొంచెం ఎక్కువైంది. 69 వర్గం 4,761, తక్కువైంది. 69కీ 70కీ మధ్య ఎక్కడో ఉంది. 69 నుంచి 70కి వెళ్లడానికి కావాల్సింది 139, మన దగ్గర మిగిలింది 79. 79ని 139తో భాగిస్తే దాదాపు 0.57. కాబట్టి సుమారు 69.57 గజాలు. డెబ్బై గజాలకి మూరెడు తక్కువ అనుకోండి. దశాంశాలు ఎంత దూరం తీసినా ఇది తెగదు. 10 ఎకరాలకి మూలం 220 అని ఠక్కున తెగింది, ఒక్క ఎకరానికి తెగలేదు. ఎందుకో తాతయ్యని అడిగి లాభం లేదు, తననే ఆలోచించమనండి. 4,840 చివర సున్నాలు ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు.

సంవత్సరాలు కూడా వర్గాలవుతాయి. 2025 అంటే 45 వర్గం. దానికి ముందు వర్గం 1936, 44ది. రెంటికీ మధ్య 89 ఏళ్లు, 44నీ 45నీ కూడితే అంతే. మీ ఊళ్లో తొంభై దాటిన ముసలమ్మ ఎవరైనా ఉంటే ఆవిడ రెండు వర్గ సంవత్సరాలు చూసిందన్నమాట. మళ్లీ వచ్చేది 2116. అప్పటికి మీ అమ్మాయికి నూరు దాటుతాయి, దీవించడం తప్ప మనం చేసేదేమీ లేదు.

ట్యూషన్ మార్పించకండి. ఏడాది మధ్యలో మారిస్తే కొత్త మాస్టారు మొదటి పాఠం నుంచి మొదలుపెడతారు, లేదా ఈయన చెప్పింది తప్పంటారు. పద్ధతిని ఆయన సరిగ్గానే చెప్పారు, కారణం చెప్పలేదంతే. గళ్ల కాగితం మీద 484 గీసిన బొమ్మ తీసుకెళ్లి ఆయనకి చూపించమనండి. అడిగినట్టు కాదు, చూపించినట్టు. ఆయనకి కోపం రాదని నా నమ్మకం. నాకైతే రాదు.

పరీక్షలో లెక్కలు వదిలేసి రావడం మాత్రం నాకు నచ్చలేదని నా మాటగా చెప్పండి. ఎందుకో తెలియాలనే పంతం ఇంటి దగ్గర ఎంతైనా పట్టొచ్చు. పరీక్ష హాల్లో మూడు గంటలే ఉంటాయి. అక్కడ వచ్చిన పద్ధతిలో చేసి మార్కులు తెచ్చుకుని, ఇంటికొచ్చాక మళ్లీ పంతం పట్టొచ్చు.

మీరు పాఠం చెప్పడానికి కూర్చోవద్దు. ఈ ఉత్తరం తనచేత చదివించి, 'నాకు అర్థం కాలేదు, బొమ్మ గీసి చెప్పు' అనండి. 529 గీసి మీకు చెప్పగలిగిన రోజున ఆ భయం సంగతి మీరు మళ్లీ రాయక్కర్లేదు.

తనకి ఒక ముగ్గు పంపుతున్నాను. సందు చుక్కతో 9 నుంచి 1 వరకు పెడితే, అంటే మధ్య వరస 9, అటూ ఇటూ 8, 7, 6 అలా ఒకటి దాకా, మొత్తం 81 వస్తాయి. 9 చుక్కలు 9 వరసలు పెట్టినా 81. ఆ చదరాన్నే కొంచెం నొక్కి పక్కకి తిప్పినట్టు. ఇప్పుడు ఎదురు చుక్కతో 9 నుంచి 1 వరకు పెట్టమనండి. మధ్య వరస 9, అటూ ఇటూ 7, 5, 3, 1. లెక్కపెడితే 41. వర్గం కాదు. కానీ అందులో రెండు వర్గాలు ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చున్నాయి. ఒక చుక్క తెల్ల పిండితో, దాని పక్క చుక్క, కింద చుక్క పసుపుతో పెడుతూ పోతే బయటపడతాయి. అవేమిటో, 9 బదులు 11తో మొదలుపెడితే ఏమేం వస్తాయో నాకు రాయమనండి.